తవ్వుకున్నది ఫ్రీయేనా?

ఆదివారం పొద్దున తలుపు చప్పుడైతే మా ఇంట్లో ఎవరు లేవాలా అని ఒక చిన్న యుద్ధం నడుస్తుంది. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం, ఎప్పట్లాగే నేనే ఓడిపోయి లేచి తలుపు తీశా. ఎదురుగా పక్కింటి ఆపా వాళ్ళబ్బాయి. అప్పుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. చంకలో లాప్‌టాప్, మొహంలో వెయ్యి కాండిల్ బల్బు.

"భయ్యా, 70 లక్షలు సంపాదించా. నాలుగు రాత్రుల్లో!"

నిద్రమత్తు ఒక్క దెబ్బకి వదిలిపోయింది. ఏ రమ్మీ గొడవో, ఏ క్రిప్టో గొడవో, వాళ్ళమ్మకి ఏం చెప్పాలో అని పది ఆలోచనలు ఒకేసారి వచ్చేశాయి. వాడు స్క్రీన్ తిప్పి చూపించాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఈవ్ ఆన్‌లైన్. ఆ 70 లక్షలు రూపాయలు కావు, ఇస్క్. ఆ ఆటలో చెలామణీ అయ్యే డబ్బు.

"పది ఓడలు కట్టి అమ్మా భయ్యా. ఖనిజం అంతా నేనే తవ్వుకున్నా కాబట్టి ఖర్చు సున్నా. వచ్చిందంతా లాభమే."

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కొంచెం బాధా వేసింది. ఎందుకంటే అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట, ఇంతే నమ్మకంతో, 2007లో నేనూ అన్నా.

ఈ ఆట తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. ఐస్‌లాండ్‌కి చెందిన సీసీపీ అనే కంపెనీ 2003 మే నెలలో దీన్ని విడుదల చేసింది. అంతరిక్షం, ఓడలు, కొట్లాటలు అన్నీ ఉన్నాయి. కానీ నాలాంటి వాళ్ళని పట్టేసింది యుద్ధాలు కాదు, వాటి వెనకున్న కార్ఖానాలు. ఇందులో దాదాపు ప్రతి ఓడా, ప్రతి తుపాకీ, ప్రతి గుండూ ఎవరో ఒక ఆటగాడు తయారు చేసిందే. ఒకడు గ్రహశకలాలు తవ్వాలి. ఒకడు ఆ రాయిని శుద్ధి చేసి ట్రిటానియం, మెక్సలాన్ లాంటి ఖనిజాలు తియ్యాలి. ఒకడు బ్లూప్రింట్ కొని ఓడ కట్టాలి. ఇంకొకడు దాన్ని జీటా అనే పెద్ద సంతకి మోసుకుపోయి అమ్మాలి. 2014 జనవరిలో జరిగిన ఒక యుద్ధంలో 75 టైటన్లు, అంటే ఆటలోకెల్లా పెద్ద ఓడలు, ఒక్క రోజులో బుగ్గయిపోయాయి. పేపర్లన్నీ కూల్చిన వాళ్ళ గురించి రాశాయి. నాకు మాత్రం వాటిని వారాల తరబడి కట్టిన వాళ్ళు గుర్తొచ్చారు. ఈ కొనుగోళ్ళూ అమ్మకాలూ ఎంత ముదిరాయంటే, 2007లో ఆ కంపెనీ ఒక అర్థశాస్త్రవేత్తని ఉద్యోగంలో పెట్టుకుంది, ఆటలోని మార్కెట్‌ని గమనించడానికి!

మేముండేది చాంద్రాయణగుట్టలో. ఆఫీసు మాదాపూర్‌లో. "అక్కణ్ణించి రోజూ వస్తావా?" అని కొత్తగా చేరిన ప్రతివాడూ ఒకసారి అడుగుతాడు. నాన్న కంచన్‌బాగ్‌లో ఉద్యోగం చేసేవారు, దగ్గరని ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు, అంతే కథ. 2007లో నేను రాత్రుళ్ళు కూర్చుని రాళ్ళు తవ్వుతుంటే మా నాన్న వెనక నిలబడి కాసేపు చూసి, "ఏం తవ్వుతున్నావురా?" అన్నారు. ట్రిటానియం అన్నా. "పక్కన మిధానిలో నిజం టైటానియం కరిగిస్తుంటే, నువ్విక్కడ బొమ్మ ట్రిటానియం తవ్వుతున్నావా!" అని వెళ్ళి పడుకున్నారు. 1973లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ మా ఇంటికి కూతవేటు దూరం. నాన్న అన్నదాంట్లో తప్పేం లేదు :)

అప్పుడు మా ఇంట్లో ఉన్న బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌లో రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా వాడుకున్నది లెక్కలోకి రాదు. ఫ్రీ! కాబట్టి అలారం పెట్టుకుని రెండింటికి లేచి, ఆరింటిదాకా తవ్వి, స్నానం చేసి ఆఫీసుకి పోయేవాణ్ణి. మూడు వారాలు అలా తవ్వా. ఓ చిన్న ఓడ బ్లూప్రింట్ కొని, తవ్విందంతా పోసి, ఓడలు కట్టి అమ్మకానికి పెట్టా. మిగతా వాళ్ళ ధర కంటే బాగా తగ్గించి మరీ పెట్టా. నాకు ఖర్చేముంది, తగ్గిస్తే తప్పేముంది? ఒక్క గంటలో అన్నీ అమ్ముడుపోయాయి. కొన్నవాడు ఒక్కడే.

కొనుగోలుదారు పేరు ఖాతాలో కనపడుతుంది. ఇన్ని ఓడలు ఏం చేసుకుంటావు మహానుభావా, యుద్ధానికి పోతున్నారా అని కుతూహలం కొద్దీ వాడికి సందేశం పంపా. వాడు చాలా మర్యాదగా జవాబిచ్చాడు. యుద్ధం గిద్ధం ఏం లేదట. ఓడలన్నీ కరిగించేశాడట. అప్పట్లో స్కిల్ బాగా ఉన్నవాడు ఓడని కరిగిస్తే, అందులో పోసిన ఖనిజం దాదాపు మొత్తం తిరిగొచ్చేది. (2014 జులైలో వచ్చిన క్రయస్ అనే అప్‌డేట్‌తో ఆ దారి చాలావరకు మూసుకుపోయింది.) నేను పెట్టిన ఓడ ధర, అందులో ఉన్న ఖనిజం ధర కంటే తక్కువ. వాడు ఓడలు కొని, కరిగించి, ఆ ఖనిజాన్ని పక్క కౌంటర్లో అమ్ముకుని లాభం జేబులో వేసుకున్నాడు. చివర్లో "మళ్ళీ కడితే చెప్పు" అని కూడా రాశాడు.

మూడు వారాల నిద్ర పోగొట్టుకుని, తవ్విన రాయిని ఊరికే అమ్మేస్తే వచ్చేదానికంటే తక్కువకి ఓడలు చేసి ఇచ్చానన్నమాట. నేను చేసిన 'తయారీ' విలువ సున్నా కూడా కాదు, మైనస్.

ఈ కథంతా వాడికి చెప్పి, వాడి 70 లక్షల లెక్క తీయమన్నా. పది ఓడల్లో పోసిన ఖనిజాన్ని అదే రోజు జీటాలో ఉన్న కొనుగోలు ధరకి లెక్కేస్తే 78 లక్షలు. వాడి మొహంలో బల్బు టప్పున ఆరిపోయింది.

"మరి తవ్వడం వేస్టా భయ్యా?"

కాదు. తవ్వడం వల్ల వాడికి 78 లక్షలు వచ్చాయి. కట్టడం వల్ల 8 లక్షలు పోయాయి. రెండూ కలిపేసి ఒకే డబ్బాలో వేస్తే, ఏది అన్నం పెడుతోందో, ఏది చిల్లు పెడుతోందో కనపడదు. తయారీలోకి కొత్తగా దిగే ఎవరికైనా నేను చెప్పే మొదటి ముక్క ఇదే: సొంతంగా తవ్వుకున్నదాన్ని కూడా బజారు ధరకి కొన్నట్టే రాసుకో. నీలోని తవ్వేవాడు, నీలోని కట్టేవాడికి అప్పివ్వడం లేదు, అమ్ముతున్నాడు.

ఆ తర్వాత వరసగా ఓ నాలుగైదు ఆదివారాలు మా హాల్లో క్లాసు నడిచింది. అందులో పనికొచ్చేవి ఇక్కడ రాస్తున్నా. ఈవ్ ఆడకపోయినా, తయారీ ఉన్న ఏ ఆటలోనైనా ఇవి కొంచెం అటూఇటూగా ఇలాగే ఉంటాయి.

ఒకటి. చెయ్యడం నేర్చుకునే ముందు అమ్మడం చూడు. వస్తువు ఎంతకి అమ్ముడవుతోందన్నది సగం సమాచారమే, రోజుకి ఎన్ని అమ్ముడవుతున్నాయన్నది మిగతా సగం. లాభం బ్రహ్మాండంగా ఉండి వారానికి ఒకటి పోయే సరుకు కంటే, రూపాయికి ఐదు పైసలు మిగిలినా రోజూ వేలల్లో పోయే తూటాలు కొత్తవాడికి మేలు. అలాగే అమ్మేవాళ్ళు అడుగుతున్న ధర వేరు, కొనేవాళ్ళు ఇస్తామంటున్న ధర వేరు. కొత్తవాళ్ళు తాము కొనేదానికి తక్కువ ధరా, అమ్మేదానికి ఎక్కువ ధరా వేసుకుని లెక్కలు కడతారు. కాగితం మీద లాభమే లాభం.

రెండు. చిల్లర ఖర్చులు చిల్లరగా ఉండవు. పని మొదలుపెట్టినందుకు రుసుము, సరుకు సంతలో పెట్టినందుకు బ్రోకర్ ఫీజు, అమ్ముడయ్యాక పన్ను. పైగా ఎక్కువమంది తయారీ చేసే చోట రుసుము కూడా ఎక్కువ. నాలుగు అడుగులు అవతల, జనం లేని చోట పెట్టుకుంటే మిగులుతుంది. కానీ అక్కణ్ణించి మోసుకురావాలి. మనకి మాదాపూర్‌లో అద్దెకుండటమా, చాంద్రాయణగుట్ట నుంచి తిరగడమా అన్నట్టే.

మూడు. బ్లూప్రింట్‌కి సాన పట్టు, కానీ పిచ్చిగా కాదు. పరిశోధన చేస్తే ఒక్కో లెవెల్‌కి ఒక శాతం చొప్పున పది శాతం దాకా ఖనిజం ఆదా అవుతుంది. మొదటి లెవెల్స్ చకచకా అయిపోతాయి, చివరివి ప్రాణం తీస్తాయి. మన పెర్ఫార్మెన్స్ ట్యూనింగ్ లాగే. మొదటి 80 శాతం మధ్యాహ్నానికల్లా అయిపోతుంది, మిగతాదానికి రెండు రిలీజులు పడుతుంది. చిన్న వస్తువుల బ్లూప్రింట్లతో మొదలుపెట్టి, వాటిని పూర్తిగా సాన పట్టుకోవడం నయం.

నాలుగు. లాభాన్ని వస్తువుకి కాదు, టైముకి లెక్కెయ్యి. మొదట్లో ఒకసారికి ఒకే పని నడుస్తుంది. స్కిల్స్ పెంచుకుంటూ పోతే ఎక్కువలో ఎక్కువ 11 దాకా నడపొచ్చు. ఆ స్లాటే నీ అసలు ఆస్తి. పది లక్షలు మిగిల్చే ఓడ ఐదు రోజులు స్లాటుని పట్టుకుని కూర్చుంటే, రోజుకి మూడు లక్షలు మిగిల్చే చిన్న సరుకే గెలిచినట్టు.

ఐదు. అన్నీ నువ్వే చెయ్యకు. తవ్వడం, కరిగించడం, కట్టడం, మొయ్యడం, అమ్మడం అన్నీ నేనే చేస్తా, ఎవడికీ రూపాయి ఇవ్వనక్కర్లేదు అనుకోవడం కొత్తవాడి రోగం. మన ఫీల్డులో సొంతంగా లాగింగ్ ఫ్రేమ్‌వర్క్ రాసుకునే వాళ్ళు ఉంటారు చూడండి, ఆ బాపతు. (నేనూ ఒకటి రాశా. దాని గురించి ఇంకెప్పుడూ మాట్లాడను.)

ఆరు. సరుకంతా ఒకే ఓడలో పెట్టి పంపకు. జీటాకి పోయే దారుల్లో యుడామా లాంటి చోట్ల, తమ ఓడలు పోయినా ఫర్వాలేదని పొంచి ఉండి, నిండు ఓడల్ని పేల్చేసి సరుకు ఏరుకునే ముఠాలుంటాయి. ఎంత మొయ్యగలవని కాదు, ఎంత పోయినా తట్టుకోగలవని చూసుకో.

ఇవన్నీ విని వాడు వేసిన ప్రశ్న నాకు నచ్చింది. "భయ్యా, నాకు తవ్వడం ఇష్టం. కవ్వాలీ పెట్టుకుని తవ్వుతుంటే మనసు నిమ్మళంగా ఉంటుంది. దానికేం ధర కట్టాలి?"

సరదాకి తవ్వితే సరదా కాలమ్‌లో రాసుకో, లాభం కాలమ్‌లో మాత్రం రాయకు అన్నా. అక్కడితో క్లాసు అయిపోయిందనుకున్నా.

అసలు కథ అక్కడ మొదలైంది.

ఆపా మగ్గం వర్క్ చేస్తుంది. ఇంట్లో ముందు గదిలో నాలుగు కొయ్యల చట్రం, దాని మీద బిగించిన జాకెట్టు గుడ్డ, అటు ఆపా, ఇటు పెద్దమ్మాయి. జరీ దారం, పూసలు, కుందన్లు, చమ్కీలు. పాతబస్తీలో ఇలాంటి చట్రాలు గల్లీకి కొన్ని కనిపిస్తాయి. లాడ్ బజార్ లక్క గాజులకి 2024లో జీఐ ట్యాగ్ వచ్చినప్పుడు పేపర్లో చూసి అందరం సంతోషించాం. ఇలా ముందు గదుల్లో కూర్చుని చేసే పనికి మాత్రం పేరూ ఉండదు, బోర్డూ ఉండదు. మేస్త్రీ గుడ్డ తెస్తాడు, అయ్యాక తీసుకుపోతాడు.

వాడు నేను నేర్పిన షీటు తీసుకెళ్ళి వాళ్ళమ్మ పని మీద పెట్టాడు. మూడు వారాలు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాడట. ఒకరోజు సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఈసారి మొహంలో బల్బు లేదు.

మెడా చేతులూ నిండుగా ఉండే మామూలు జాకెట్టుకి మేస్త్రీ ఇచ్చేది 900. దారం, పూసలు ఆపావే, 160. తల్లీ కూతురూ కలిపి పట్టే టైము 22 గంటలు. అంటే గంటకి 33 రూపాయలు. పెళ్ళికూతురి జాకెట్టు 4,000, సామాను 350, 70 గంటలు. గంటకి 52. చిన్న చిన్న బుటీలు చల్లే పని 350, సామాను 40, 6 గంటలు. గంటకి 51.

"భయ్యా, అమ్మ టైములో ముప్పావు వంతు ఆ 33 రూపాయల పనికే పోతోంది. దారం ఖర్చు కూడా ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇంట్లో ఉన్నదే కదా అంటుంది."

ఇంట్లో ఉన్నదే కదా. నేను తవ్వుకున్నదే కదా.

నాకు ఉత్సాహం వచ్చేసింది. మన జాతి లక్షణం, షీటు కనపడితే ఆగలేం. ఇద్దరం వెళ్ళి ఆపా ముందు కూర్చుని ఉపన్యాసం మొదలెట్టాం. ఈ జాకెట్లు మానెయ్, బుటీలు తీసుకో, దారం డబ్బులు విడిగా అడుగు. ఆపా సూది ఆపకుండా అంతా వింది. తర్వాత ఉర్దూ, తెలుగు కలిపి తను చెప్పింది నా మాటల్లో రాస్తున్నా.

"నాకు లెక్క రాదనుకుంటున్నారా? గంటకెంత అని రాసుకోలేదు గానీ, ఏ పని కళ్ళు ఎక్కువ లాగుతుందో, ఏది తక్కువ ఇస్తుందో నాకు తెలీదా? ఆ జాకెట్లు వద్దంటే మేస్త్రీ బుటీలు కూడా ఇవ్వడు. రేపు ఎవరిస్తారు పని? నువ్విస్తావా భాయ్?"

నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించా. ఆటలో "తవ్వుకున్నది ఫ్రీ కాదు" అన్న సూత్రం ఎందుకు నిలబడుతుంది? జీటా ఉంది కాబట్టి. ఓడ కట్టడం గిట్టుబాటు కాకపోతే, అదే నిమిషంలో ఖనిజాన్ని అమ్మేసే సంత ఉంది. ధర అందరికీ కనపడుతుంది. కొనేవాడు ఎప్పుడూ ఉంటాడు, నువ్వెవరని అడగడు. నిన్న వద్దన్నావని ఇవాళ మొహం చాటెయ్యడు. ఆపాకి జీటా ఏది? ఇల్లొదిలి పోలేదు. ఒక మేస్త్రీ చెప్పిందే ధర. ఇంకో చోట ఎంత ఇస్తున్నారో తెలిసే దారి లేదు. అలాంటప్పుడు ఆ 22 గంటలకి "ఇంకోచోట వచ్చే విలువ" నిజంగానే సున్నాకి దగ్గర్లో ఉంటుంది. తప్పు ఆపా లెక్కలో లేదు. నేను లెక్కలో సంతని ఊరికే ఉన్నట్టు అనేసుకున్నా.

కాబట్టి కొత్తవాళ్ళకి నా సలహాకి ముందు ఇంకో సలహా చేర్చుకోవాల్సి వచ్చింది. శ్రమకి ధర కట్టుకునే ముందు, ఆ ధర ఎక్కడైనా చెల్లుతుందా అని చూడు. చెల్లే చోటు లేకపోతే ముందు దాన్ని వెతుకు.

వెతికే పని అబ్బాయి తీసుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, మలక్‌పేట వైపు కనపడ్డ బొటిక్‌లన్నీ తిరిగి, చేయించుకునే వాడిలా రేట్లు అడిగొచ్చాడు. నేను ఆఫీసులో ఒక కొలీగ్‌ని అడిగా. సరిగ్గా ఆపా చేసేలాంటి జాకెట్టుకే కొండాపూర్‌లో ఆవిడ 3,200 ఇచ్చిందట. 900 ఎక్కడ, 3,200 ఎక్కడ! తేడా అంతా దోపిడీ అనేస్తే తేలిగ్గా ఉంటుంది గానీ, అది కూడా నిజం కాదు. షాపు అద్దె, డిజైన్ గీసేవాళ్ళు, కుట్టేవాళ్ళు, కొలత తప్పి వెనక్కొచ్చేవి అన్నీ అందులోనే. అయినా మధ్యలో జాగా ఉందని తెలిసింది. తెలియడమే పెద్ద సంగతి.

ఆపా ఇద్దరు మేస్త్రీలనీ దారం డబ్బులు విడిగా అడిగింది. ఒకాయన కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. గంటకి 33 కాస్తా 40 అయింది. రెండో ఆయన ఏమీ అనలేదు, సరేనని వెళ్ళిపోయాడు, పని తేవడం మానేశాడు. నెలన్నర.

ఆ నెలన్నర నేను గేటు దగ్గర ఆపా ఎదురుపడితే తలెత్తి చూడలేకపోయా. ఆటలో నా సలహా తప్పయితే బొమ్మ డబ్బు పోతుంది. ఇక్కడ వాళ్ళింట్లో ఫీజు కట్టాల్సిన నెల అది. షీటు చేసినవాడి జీతం ఒకటో తారీకుకి పడిపోయింది. షీటుని నమ్మినవాళ్ళ చట్రం ఒక పక్క ఖాళీగా ఉంది. ఆపా ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

నా కొలీగ్ ద్వారా ఆ తర్వాత నాలుగు ఆర్డర్లు వచ్చాయి. నేరుగా. జాకెట్టుకి 1,800, సామాను ఖర్చు 200. అవే 22 గంటలు, గంటకి 72. అందులో ఒకటి రంగు నచ్చలేదని వెనక్కొచ్చింది, విప్పి మళ్ళీ చేసింది ఆపా. నష్టభయం కూడా ఇప్పుడు తనదే మరి. ఆటలో యుడామా దారి లాంటిదే ఇది కూడా. ఇంకా నయం, రెండో మేస్త్రీ పండగ సీజన్‌కి మళ్ళీ తలుపు కొట్టాడు. పాత రేటుకే, కానీ దారం తనే తెచ్చాడు.

ఇప్పుడు ఆపా ఒక మేస్త్రీ పనీ, కొన్ని నేరుగా వచ్చే ఆర్డర్లూ చేస్తోంది. రాత్రికి రాత్రి బతుకులేం మారిపోలేదు. చట్రం పక్కన ఒక నోటుబుక్కు మాత్రం చేరింది. మొదలుపెట్టిన టైము, ఆపిన టైము. పెద్దమ్మాయి రాస్తుంది.

ఇది చదువుతున్న మనలో చాలామంది గంటల లెక్క టైమ్‌షీట్‌లో నింపుతాం గానీ, సొంత లెక్కలో నింపం. 2009 ప్రాంతంలో నేను వరసగా ఎనిమిది శనివారాలు రిలీజు పని మీద ఆఫీసుకెళ్ళా. ఖాళీగానే ఉన్నా కదా అనుకున్నా. ఆ శనివారాలు కూడా నేను తవ్వుకున్నవే. ఫ్రీ అనుకున్నా కాబట్టి ఎవరో కరిగించి అమ్ముకున్నారు. వాళ్ళది తప్పని కూడా అనలేను, ఆ ధరకి పెట్టింది నేనే. పని నేర్చుకోవడానికి వెళ్ళి ఉంటే నేర్చుకున్న కాలమ్‌లో రాసుకునేవాణ్ణి. అదీ కాదు.

ఆఖరికి ఒక సంగతి చెప్పి ముగిస్తా. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించా.

నోటుబుక్కు పెట్టిన కొత్తల్లో ఒకరోజు బీరువాలో ఏదో వెతుకుతుంటే మా ఆవిడ జాకెట్లు కనపడ్డాయి. ఆపా చేసినవి, నాలుగేళ్ళలో మూడు. "పక్కింటివాళ్ళం కదా" అని తను తీసుకోనంటే, బలవంతాన దారాల ఖర్చుకని తలా 200 చేతిలో పెట్టాం. పెట్టి, మర్యాదగా ఇచ్చామని సంతోషించాం కూడా. మూడు జాకెట్లు, 66 గంటలు. ఆఫీసు లెక్కలో వారంన్నర పని. 2007లో నా ఓడలు చవగ్గా కొని కరిగించినవాణ్ణి ఇన్నేళ్ళూ కథల్లో విలన్‌గా చెప్పుకుంటూ వచ్చా. వాడు కనీసం నాకు పరిచయస్థుడు కాదు.

ఆ సాయంత్రమే వెళ్ళి డబ్బులు ఇవ్వబోయా. ఆపా కోపం చేసింది. ఇచ్చినప్పుడు ప్రేమతో ఇచ్చా, దానికి ఇప్పుడు రేటు కడతావా అంది. అదీ నిజమే. సరదా కాలమ్ గురించి వాడికి చెప్పినవాణ్ణి, ప్రేమ కాలమ్ మర్చిపోయా. చాలాసేపు వాదించుకున్నాక ఒప్పందం కుదిరింది. అయిపోయినవి అయిపోయాయి. ఇకమీదట పండక్కి ఒకటి ఆపా ఇష్టంతో చేసిస్తుంది, దానికి నోరెత్తకూడదు. మిగతావన్నీ కొలీగ్ ఇచ్చే రేటుకే, ఒక్క రూపాయి తగ్గదు.

పోయిన శ్రావణమాసానికి మా ఆవిడ రెండు చేయించుకుంది. ఒకదానికి 1,800 ఇచ్చాం. ఇచ్చేటప్పుడు, ఆఫీసులో ఎవరికైనా కావాలేమో కనుక్కోమని ఆపా మళ్ళీ గుర్తు చేసింది.